పాతిక మీటర్ల చూపు

మా ఊళ్ళో బండి నంబరు చదివేవాళ్ళు లేరు. అవసరం పడదు. కొత్తపేట వైపు నుంచి కాలువ గట్టెక్కిన బండి ఇంకా మలుపు తిరక్కముందే, అరుగు మీద కూర్చున్నవాళ్ళు అది ఎవరిదో, ఎవరి దగ్గర కొన్నారో, కట్టాల్సిన వాయిదాలు ఎన్ని మిగిలాయో చెప్పేస్తారు. ఇలాంటి ఊళ్ళో ఒక మనిషికి చూపు తగ్గిందని బయటపడాలంటే చాలా కాలం పడుతుంది. మా బాబాయికి జరిగింది అదే.

బాబాయికి అరవై దాటాయి. ఓ పాత మారుతీ కారుంది. తూము మరమ్మతు చేస్తున్నారని గట్టు మీద తారు పీపా అడ్డం పెట్టిన రోజు పిన్నికి మొదటి అనుమానం వచ్చింది. మసక చీకటి. బాబాయి హారన్ కొట్టాడు. పీపా కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. అద్దం దింపి, "ఓ పెద్దాయనా, కాస్త పక్కకి జరుగుదురూ, కార్లో ఆడవాళ్ళున్నారు" అన్నాడు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, "చెవుడు కాబోలు పాపం" అనుకుంటూ దిగి వెళ్ళి భుజమ్మీద చెయ్యేశాడు. తిరిగొచ్చి, చేతికంటిన తారు తువ్వాలుకి తుడుచుకుంటూ, "మనిషి కాదే, పీపా" అని పిన్నికి చెప్పాడు, ఆవిడకి కొత్త సంగతేదో చెబుతున్నట్టు.

ఇంతలో లైసెన్సు గడువు దగ్గరపడింది. యాభై అయిదు దాటినవాళ్ళకి అయిదేళ్ళకోసారి కొత్తగా తీసుకోవాలి. గడువు తీరి ఏడాది దాటిపోయిందా, మళ్ళీ బండి నడిపి చూపించాలి. ఆ భయంతో నాకు కబురొచ్చింది. ఫోన్లో కాగితాలు నింపుతుంటే ఫారం 1లో ఓ ప్రశ్న తగిలింది. మంచి పగటి వెలుగులో, 25 మీటర్ల దూరం నుంచి, ఒక్కో కంటితో విడివిడిగా, కళ్ళజోడు వాడితే కళ్ళజోడుతోనే, కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని.

"అవునని కొట్టరా."

"రేచీకటి ఉందా అంటున్నారు బాబాయ్."

"లేదని కొట్టు."

వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "పీపాలతో మాట్లాడే జబ్బు గురించి ఏమన్నా అడిగారేమో చూడు నాన్నా."

దాంతో బాబాయికి పౌరుషం వచ్చింది. ఇప్పుడే పరీక్ష పెట్టమన్నాడు. ఇంట్లో టేపు లేదు గానీ రోడ్డు వారనే కొబ్బరి వరుస ఉంది. చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు. 25 మీటర్లంటే ఎనభై రెండడుగులు కాబట్టి, మొదటి చెట్టు దగ్గర నేను నిలబడి, నాలుగో చెట్టు దాటి ఇంకో ఏడడుగుల్లో పీట వేయించాం. బాబాయి ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని పీట మీద కూర్చున్నాడు.

పాల వ్యాను వచ్చింది. నంబరు గడగడా చెప్పేశాడు. బడి పిల్లల ఆటో అయితే మలుపు తిరక్కముందే చెప్పేశాడు. పిన్ని కాసేపు ఆలోచించి, "ఈసారి రెండు కళ్ళూ మూసుకుని చెప్పండి చూద్దాం" అంది. మూసుకున్నాడు. ఊక వేసుకుని వస్తున్న ట్రాక్టరు నంబరు, దాని వెనక తొట్టి నంబరు కూడా తప్పు లేకుండా వచ్చాయి. "చూశావా?" అన్నాడు గర్వంగా, కళ్ళు తెరవకుండానే.

ఊరి బండి కానిది రావాలని అర్థమైంది. ఎట్టకేలకు ఓ తెల్ల కారు వచ్చింది, ఏపీ 39. అసలు బాబాయికి ఆ 39 అంటేనే గిట్టదు. ఒకప్పుడు 05 అంటే తూర్పు గోదావరి, 37 అంటే పశ్చిమ గోదావరి అని తెలిసేది. 2019లో కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఒకటే కోడ్ చేసేసరికి, వచ్చినవాడు ఏటికి ఏ పక్కవాడో పోల్చుకోలేకపోతున్నాడు.

"చదువు బాబాయ్."

"మన ఊరిది కాదురా. మన ఊరిది కాని నంబరు మనకెందుకు?"

ఆ కారు తిన్నగా వెళ్ళి పీట దగ్గరే ఆగింది. ఓ పెద్దమనిషి దిగాడు. బాబాయి దిగ్గున లేచి, "రండి రండి బావగారూ, ఫోనైనా చెయ్యకుండా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిపోయాడు. అమలాపురంలో ఉన్న వియ్యంకుడనుకున్నాడన్నమాట. ఆయన కాదని పిన్నికి గుమ్మంలోనే తెలిసింది. కానీ అరుగెక్కిన మనిషిని నువ్వెవరని అడుగుతామా? కాఫీ వచ్చింది, ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి. కొబ్బరికాయ ధర మీద మాటలు సాగాయి. "అమ్మాయి బాగుందా?" అన్నాడు బాబాయి. "ఆయ్, మీ దయవల్ల బాగుందండి" అన్నాడాయన. పూతరేకులు పూర్తయ్యాక, మూతి తుడుచుకుని, మొహమాటపడుతూ అడిగాడు.

"అంతర్వేదికి ఇటే వెళ్ళాలాండి?"

ఆయన వెళ్ళాక పిన్ని ఏదో అనబోయింది. బాబాయి ఆపేశాడు. "దారి అడగడానికి వచ్చినవాడికి కాఫీ ఇవ్వమేంటే? తెలిసినా ఇచ్చేవాణ్ణే." దానికి మా దగ్గర జవాబు లేదు. మా వైపు మర్యాదలున్నంత కాలం చూపులో లోపం కనిపెట్టడం కష్టమే.

అదృష్టం కొద్దీ నలభై దాటినవాళ్ళకి సొంత మాట చాలదు. ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. టౌన్లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పైన పెద్ద అక్షరం, కిందికి దిగేకొద్దీ చిన్నవి, ఆ చార్టు 1862లో స్నెలెన్ అనే డచ్చి డాక్టరు చేసింది. ఆరు మీటర్ల నుంచి చదవాలి. ఆయన గదిలో అంత జాగా లేక, చార్టు వెనక గోడకి తగిలించి, ఎదురుగా అద్దం పెట్టుకున్నాడు.

"కనపడుతోందాండి?"

"ఆయ్, కనపడుతోంది గానండీ, మధ్యలో ఎవరో పెద్దాయన అడ్డంగా కూర్చున్నాడు. ఆయన్ని కాస్త జరగమనండి."

డాక్టరు తొణకలేదు. "ఆయన చొక్కా ఏ రంగండి?"

"తెలుపండి."

"మీదో?"

బాబాయి వంగి తన చొక్కా చూసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

రంగు చుక్కల పుస్తకం తెచ్చాక మళ్ళీ హుషారొచ్చింది. జపాను డాక్టరు ఇషిహారా 1917లో అచ్చువేసిన పరీక్ష అది. మొదటి పేజీలో 12 ఉంటుంది, రంగులు తెలియనివాళ్ళకి కూడా కనపడేలా. "పన్నెండు!" అని అరిచి, రాసుకోమన్నట్టు మా వైపు చూశాడు. మిగతా పేజీలు కూడా బాగానే చదివాడు. రంగుల్లో లోపం కొద్దిపాటిదైతే 2020 నుంచి లైసెన్సు ఇస్తున్నారని డాక్టరు మాటల్లో అంటే, "మరి మిగతా వాటికీ ఆ దయ చూపించచ్చు కదండీ" అన్నాడు.

కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కంటికి అద్దాలు చాలు. ఆపరేషను అయింది, కన్ను కుదుటపడ్డాక కళ్ళజోడొచ్చింది, డాక్టరు సంతకం పెట్టాడు, లైసెన్సు పోస్టులో వచ్చింది. ఇంతవరకూ అందరూ సంతోషంగానే ఉన్నారు.

కొత్త కళ్ళజోడుతో బాబాయి భోజనానికి కూర్చున్నాడు. ముందు దూలం మీద బూజు కనపడింది. గోడ మీద కేలండరు రెండు నెలలుగా తిప్పలేదని కనపడింది. తర్వాత కంచంలోకి వంగి, కొరమేను పులుసులో ముక్క ఒకటి పైకెత్తి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఏవే, ఇది తోక కదూ? ఇన్నాళ్ళూ నాకు తోకముక్కలేనా వేస్తున్నావు?"

పిన్ని నెమ్మదిగా నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ కళ్ళజోడు ఇంట్లో కూడా పెట్టుకోవాలన్నారా డాక్టరుగారు?"

"బండి నడిపేటప్పుడు తప్పకుండా పెట్టుకోమన్నారు పిన్నీ."

"అంతే కదా. రేపణ్ణించి అది కార్లోనే ఉంటుంది. తాళం నా దగ్గరుంటుంది."