పిన్నీ, ఆ మెసేజ్ ఇంక పంపకు

ఈ నెలలో ఇది నాలుగోసారి. "విడాకులు తీసుకుంటే పిల్లలందరి జీవితం నాశనం, అమెరికా పరిశోధనలో తేలింది" అని మొదలై, "కొట్టినా తిట్టినా పిల్లల మొహం చూసి సర్దుకుపోండి" అని ముగిసే మెసేజ్. ఈసారి పంపింది మా పిన్ని. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

విడాకులు పాశ్చాత్య రోగమట. హిందూ వివాహ చట్టంలో 1955 నుంచే ఉన్నాయి. దీనికి ఇంతకన్నా జవాబు దండగ.

ఐదేళ్ళు నిండితే కోర్టు పిల్లల్ని తండ్రికి ఇచ్చేస్తుందట. ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టం అంటుంది. ఆ తర్వాత ఎవరి దగ్గరన్నది కోర్టు పిల్లల మేలు చూసి తేలుస్తుంది. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టం కూడా అడుగుతుంది.

ఏ పరిశోధనో మెసేజ్‌లో లేదు, నేను చెబుతాను. 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అనే అమెరికా పరిశోధకులు 92 అధ్యయనాలను కలిపి చూశారు. విడిపోయినవాళ్ళ పిల్లలు కాస్త వెనకబడ్డ మాట నిజమే, కానీ సగటున తేడా చిన్నది. మేవిస్ హెథరింగ్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కుటుంబాలను గమనించారు. తీవ్రమైన ఇబ్బందులు విడిపోయినవాళ్ళ పిల్లల్లో నూటికి 25 మందికి, కలిసున్న ఇళ్ళలో 10 మందికి కనిపించాయి. 25 తక్కువేం కాదు. మరి "అందరూ" అని ఎలా రాశారు?

ఇక "కొట్టినా తిట్టినా". ఈ మాట రాసినవాళ్ళు అలాంటి ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్నారా? నాన్న బండి వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే అక్క టీవీ కట్టేసేది. నేను లెక్కల పుస్తకం తెరిచి తల వంచుకునేవాణ్ణి. గోడ అవతల పళ్ళెం పడితే, ఆ తర్వాత ఏం వినిపిస్తుందో మా ఇద్దరికీ తెలుసు. తొమ్మిదేళ్ళు వచ్చినా పక్క తడిపేవాణ్ణి. అమ్మ సర్దుకుపోయిన ఆ ఏళ్ళన్నీ మాకోసమేనట! మేమెప్పుడు అడిగాం?

అమ్మమ్మ ఇంటికి వచ్చేశాక బడి మారింది, ఫీజుల టెన్షన్ పట్టుకుంది, నాన్న మీద బెంగ కూడా ఉండేది. కానీ పక్క తడపడం ఆగిపోయింది.

ఒకటి ఒప్పుకుంటాను. అదే అమాటో, సహ పరిశోధకులతో కలిసి, 1995లో ఇంకో సంగతి రాశారు. గొడవలు ఎక్కువున్న ఇళ్ళలో తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారు. పెద్దగా గొడవల్లేని ఇళ్ళు విడిపోతే ఆ పిల్లలే ఎక్కువ దెబ్బతిన్నారు. అలాంటి దంపతులకు "పిల్లల్ని చూసి ఇంకోసారి ఆలోచించండి" అంటే నేనూ కాదనను.

కానీ పిన్నీ, ఆ సంక్రాంతికి నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. అమ్మ చేతికి కట్టు కట్టింది నువ్వే.