రోహిత్‌ను ఎవరూ లాక్కోలేదు, మనమే వదిలేశాం

ఐపీఎల్ వేలం దగ్గరపడితే చాలు, క్రికెట్ అభిమానుల మధ్య ఒక పాత ఆట మళ్లీ మొదలవుతుంది. 'కోహ్లీని ఢిల్లీ తీసుకుని ఉంటే?' అని. 2008 అండర్-19 డ్రాఫ్ట్‌లో, అంటే వేలం లేకుండా జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, ముందుగా ఎంచుకునే అవకాశం ఢిల్లీకే వచ్చింది. సెహ్వాగ్, గంభీర్ ఉండగా ఇంకో బ్యాటర్ ఎందుకనుకుని పేసర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకుంది. సొంతూరి కుర్రాడు కోహ్లీ 30 వేల డాలర్లకు బెంగళూరు వెళ్లిపోయాడు. సరే, అది ఢిల్లీవాళ్ల ఏడుపు, వాళ్లనే ఏడవనిద్దాం. మన ఏడుపు మనకుంది. దాని తేదీ 2011 జనవరి.

అప్పటికి మన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ పరిస్థితి గుర్తు చేసుకోండి. 2008లో అట్టడుగు, 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు, 2010లో సెమీస్. ఆ మూడు సీజన్లలో రోహిత్ శర్మ 1,100కు పైగా పరుగులు చేశాడు. ముంబైపై హ్యాట్రిక్ తీశాడు. కోల్‌కతాపై ఆఖరి ఓవర్లో 21 పరుగులు కావాల్సిన మ్యాచ్‌ను ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి గెలిపించాడు. వయసు పాతికేళ్లు కూడా లేవు. పైగా అమ్మమ్మగారి ఊరు విశాఖ, తెలుగు ముక్కలు కూడా వచ్చు! ఇంతకన్నా మనవాడు ఎలా ఉంటాడు?

ఆ ఏడాది పెద్ద వేలానికి ముందు ఒక్కో జట్టు నలుగురిని వేలానికి వదలకుండా అట్టిపెట్టుకోవచ్చన్నారు. ముంబై సచిన్‌తో కలిపి నలుగురిని, చెన్నై ధోనీతో కలిపి నలుగురిని ఉంచుకున్నాయి. డెక్కన్ ఒక్కరినీ ఉంచుకోలేదు. ఒక్కరినీ! ఒక ఆటగాడిని అట్టిపెట్టుకుంటే జట్టు వేలంలో ఖర్చు పెట్టుకోగల 90 లక్షల డాలర్ల పర్సులోంచి 18 లక్షలు తగ్గేవి. అదే రోహిత్‌ను వేలంలో ముంబై 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అంటే బజారులో అతని విలువ మనం కట్టాల్సినదానికన్నా ఎక్కువ. ఇది దురదృష్టం కాదు, లెక్క తప్పడం. మిగిలిన డబ్బుతో స్టెయిన్, కామెరాన్ వైట్, సంగక్కర వచ్చారు. పెద్ద పేర్లే, కాదనను. జట్టు మాత్రం ఏడో స్థానంలో ఆగింది.

దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రోహిత్‌ను కెప్టెన్‌గా తీర్చిదిద్దింది ముంబై డ్రెస్సింగ్ రూమేనని, డెక్కన్ ఎలాగూ 2012లో మూతపడేదని అంటారు. మొదటిది నిజమే కావచ్చు. రెండోది మాత్రం సగం నిజం. జట్టు రద్దయ్యాక సన్ టీవీ హైదరాబాద్ ఫ్రాంచైజీని కొన్నప్పుడు స్టెయిన్, సంగక్కర, ధావన్ లాంటివాళ్లు డెక్కన్ నుంచి నేరుగా ఆ కొత్త జట్టు సన్‌రైజర్స్‌కి వచ్చేశారు. రోహిత్ ఆ జాబితాలో ఉండి ఉంటే ఉప్పల్‌లో కెప్టెన్ ఎవరో చెప్పాలా? ముంబై ఐదు కప్పులు కొట్టింది అతని చేతుల మీదుగానే.

కుర్రాడిని నమ్ముకుని ఉండటం అంటే ఏమిటో ఇదే హైదరాబాద్ తర్వాత ఒకసారి చేసి చూపించింది. 2019 సీజన్‌కు ముందు ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకున్నారు. స్టార్ ఓపెనర్‌ను పంపేసి ఈ కుర్రాళ్లేంటని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అభిషేక్ మొదటి మూడేళ్లు ఉన్నాడా లేడా అన్నట్టే ఉన్నాడు. అయినా 2022 వేలంలో మళ్లీ 6.5 కోట్లు పెట్టి కొన్నారు. 2025లో ఉప్పల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో 141 కొట్టాడు. ఓపిక పడితే వచ్చే వడ్డీ అది. రోహిత్ విషయంలో ఆ ఓపిక కూడా అక్కర్లేదు, అప్పటికే చెట్టు కాసింది.

ఇంతకీ నా అసలు గొడవ ఫ్రాంచైజీలతో కాదు. వేలంలో జరిగే తప్పు కనీసం టీవీ తెర మీద పడుతుంది. ఎవరు చెయ్యెత్తారు, ఎవరు దించారు, ఎంతకు ఆగారు, అన్నీ కనిపిస్తాయి. అందుకే పదిహేనేళ్ల తర్వాత కూడా నేను కూర్చుని తిట్టుకోగలుగుతున్నాను. అసలైన డ్రాఫ్ట్ జరిగేది ఊళ్లలో, అండర్-14, అండర్-16 సెలక్షన్ల దగ్గర. అక్కడ ఏ తెరా ఉండదు. రెండొందల మంది పిల్లలు వరసలో నిలబడతారు, ఒక్కొక్కరికీ నాలుగైదు బంతులు, సాయంత్రానికి గేటు దగ్గర ఓ కాగితం అంటిస్తారు.

మన హైదరాబాద్ పేసర్ సిరాజ్‌నే తీసుకోండి. ఆటో డ్రైవర్ కొడుకు, చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడాడు. అసలు బంతి చేతికొచ్చిన కొద్దికాలానికే 2016-17 రంజీ సీజన్లో 41 వికెట్లు తీశాడు. అప్పుడు సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొంది, ఏడాది తిరక్కుండానే బెంగళూరుకు పోగొట్టుకుంది. దాని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. నన్ను వేధించే ప్రశ్న వేరు. టెన్నిస్ బంతి వదిలి క్లబ్ క్రికెట్లోకి వచ్చిన ఆ తొలి రోజుల్లో ఎవరో ఒకరు 'ఇంకెవరినైనా చూద్దాంలే' అని ఉంటే? 2025 ఆగస్టులో ఓవల్ టెస్టులో ఇంగ్లండ్‌పై భారత్ ఆరు పరుగులతో గెలిచినప్పుడు ఆఖరి వికెట్ ఎవరు తీసేవారు?

కోహ్లీ బదులు ఎవరిని తీసుకున్నారో ఢిల్లీకి పేరుతో సహా తెలుసు. రోహిత్‌ను వదిలి ఎవరిని కొన్నారో నేను పైన రాశాను. ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో గేటు దగ్గరి కాగితంలో తన పేరు లేక బ్యాగ్ భుజానేసుకుని బస్టాండుకు నడిచిన కుర్రాడి గురించి మాత్రం ఇలా రాయలేను. అతని పేరు నాకు తెలియదు.