కష్టం వేరు, కష్టాలు వేరు: ఆడవాళ్ల జీవితకథల్లో జారిపోతున్న లెక్కలు

తెలుగులో ‘కష్టం’ అనే మాటకు ఏకవచనంలో ఒక అర్థం, బహువచనంలో ఇంకో అర్థం. ‘కష్టం చేసుకుని బతికినా’ అని కూలికి పోయే ఆడమనిషి అన్నదంటే, ఒళ్లు వంచి పనిచేశానని చెబుతోంది. అచ్చులోకి వచ్చేసరికి అది ‘ఎన్నో కష్టాలు పడి బతుకీడ్చింది’ అవుతుంది. ఆమె చేసింది కాస్తా ఆమె పడిందైపోతుంది. రెక్కల కష్టం పోయి కన్నీటి కష్టాలు మిగులుతాయి.

ఏటా మార్చి 8 దగ్గరపడుతుంటే వచ్చే కథనాలు చూస్తే ఈ మార్పు ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. తాగొచ్చే భర్త, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషన్, చివర చిరునవ్వు ఫోటో. మధ్యలో ‘గుండె దిటవు చేసుకుని ముందడుగు వేసింది’ అని ఒక్క వాక్యం. అసలు కథంతా ఆ వాక్యం కిందే పూడుకుపోయి ఉంటుంది. మిషన్ కొనడానికి డబ్బు ఎక్కడిది? ఆమె పనికి పోతే చంటిపిల్లను ఎవరు చూశారు? అప్పుడు తలదాచుకున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ధైర్యానికి కూడా సరంజామా కావాలి. అది రాయని కథ పొగడ్తగా మిగులుతుంది. పొగడ్తతో సుఖం ఏమిటంటే, అది భర్తను గానీ పుట్టింటిని గానీ సర్కారును గానీ ఒక్క ప్రశ్న కూడా అడగదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) జీవితాన్నే తీసుకోండి. పసితనంలో పెళ్లి, పసితనంలోనే వైధవ్యం, తర్వాత పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త విడిచిపోవడం, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకోవడం. 2012లో ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ వచ్చాక చాలామంది ఈ దుఃఖాల వరుసనే చెప్పుకొన్నారు. కానీ ఆమెను నిలబెట్టిన మెట్లు వేరే ఉన్నాయి. ముప్పై ఐదేళ్లు దాటాక హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్యులేషన్ చదవడం, ఆ చదువుతో కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్ మేట్రన్ ఉద్యోగం సంపాదించడం. పెద్దవయసు ఆడవాళ్లను పరీక్షకు కూర్చోబెట్టే ఒక సంస్థ, నెలజీతం వచ్చే ఒక కొలువు: ఈ రెండూ లేకపోతే అంతటి మనోబలమూ ఏ బంధువుల పంచనో గడిచిపోయేదేమో. ఇలా అనడం ఆమె స్థైర్యాన్ని తక్కువ చేయడం కాదు. అది దేని మీద కాలూనిందో చెప్పడం.

ఈ పని ఎలా చేయాలో తెలుగులో ఎప్పుడో చేసి చూపించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలను టేపుల మీదికి ఎక్కించి, స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తుపాకీ పట్టిన సంగతి ఒక్కటే అడిగి ఉంటే వీరగాథల సంపుటి వచ్చేది. పిల్లల గురించి, తిండి గురించి, దళంలో ఆడమనిషిగా ఉండటం గురించి కూడా అడిగారు. అందుకే పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి రావడం, పోరాటం ఆగాక మళ్లీ వంటింటికే పొమ్మన్నప్పటి చేదు కూడా బయటికొచ్చాయి. అడగకపోతే ఈ రెండూ ఎవరూ తమంతట తాము చెప్పే సంగతులు కావు.

అడగడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. ‘మీ జీవితం గురించి చెప్పండమ్మా’ అంటే వచ్చే జవాబు ఒకటే: ‘ఏముందమ్మా చెప్పడానికి.’ ‘మీరు పడ్డ కష్టాలు చెప్పండి’ అంటే పక్కింటివాళ్లకు చెప్పి చెప్పి అరిగిపోయిన కథ వస్తుంది. పనితో మొదలుపెట్టాలి. పొద్దున లేచాక మొదట ఏం చేసేవారు, నీళ్లు ఎంత దూరం నుంచి, కూలి ఎంత, ఆ డబ్బు ఎవరి చేతికిచ్చేవారు. ట్రంకుపెట్టె తెరిపించగలిగితే ఇంకా మంచిది. పాత రేషన్ కార్డు, తాకట్టు రసీదు, పొదుపు సంఘం పాసుపుస్తకం. తాకట్టు రసీదు మీద తారీఖు ఉంటుంది. ఇంట్లో ఎప్పుడు ఏం కూలిందో ఆ తారీఖే చెబుతుంది.

ఎవరి ఎదుట అడుగుతున్నామన్నది ప్రశ్నకంటే ముఖ్యం. కొడుకు పక్కన కూర్చుంటే ‘అమ్మకు సరిగ్గా గుర్తుండదు, నేను చెప్తా’ అంటాడు. కోడలు వింటుంటే కోడలి ఊసు రాదు. మగవాళ్లు పనులకు, పిల్లలు బడికి వెళ్లాక, పదకొండు నుంచి రెండు మధ్య, చేతిలో చిక్కుడుకాయలో చింతపండో ఏదో పని ఉన్నప్పుడు మాట బాగా సాగుతుంది. ఒక విడతలో గంటన్నర దాటించకూడదు. ఆ తర్వాత వచ్చేది అలసట, దాని వెనకే ‘అంతా ఆ దేవుడి దయ’ అనే ముక్తాయింపు. రెండో విడతకు వారం వ్యవధి ఇచ్చి, మొదటిది పూర్తిగా విని, ఖాళీలు రాసుకుని వెళ్లాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, ఆమెకు మూరెడు దూరంలో ఉంచితే చాలు. కుదిరితే ఫ్యాను ఆపాలి. ఒకే ఫోన్‌ను నమ్ముకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఏడుస్తారు, రెండోది కూడా ఆన్ చేసి ఉంచాలి.

గంట రికార్డింగును మాట పొల్లుపోకుండా ఎత్తిరాయడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. అంత ఓపిక లేక చాలామంది సారాంశం రాసేస్తారు. ‘మేము’ ‘నేను’ తేడా అక్కడే చచ్చిపోతుంది. ‘మేం పొలం అమ్ముకున్నాం’ అన్నచోట, అమ్మాలని అన్నది ఎవరో మళ్లీ అడగాలి. పెద్దతరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. ‘ఆయన’ అంటే ఒక వాక్యంలో మొగుడు, మరో వాక్యంలో మామ కావచ్చు. యాసను దిద్దడం ఇంకో పాపం. ‘ఇడిసిపెట్టిండు’ అనే మాటలో ఉన్న నిష్ఠురం ‘పరిత్యజించాడు’లో ఎక్కడుంది?

కొలతల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. తెలంగాణలో బంగారం తులాల్లో, కోస్తాలో కాసుల్లో చెబుతారు. కాసంటే 8 గ్రాములు. తులం ఇప్పటి లెక్కలో 10 గ్రాములు, పాత లెక్కలో 11.66. ఎకరానికి అక్కడ 40 గుంటలు, ఇక్కడ 100 సెంట్లు. ‘ఐదు తులాలు పెట్టారు’ అని వదిలేయకుండా, అందులో ఎంత ఆమె మెడలోనే ఉంది, ఎంత ఆడబిడ్డ పెళ్లికి పోయింది, ఎంత బ్యాంకులో వేలమైంది అని ఆరా తీస్తే ఆ కుటుంబం చరిత్ర సగం వచ్చేస్తుంది. తేదీలు గుర్తులేవంటే 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం లాంటి గుర్తులు పట్టుకోవాలి. ఆ బియ్యం కాలానికి గుర్తు ఒక్కటే కాదు, ఎందరో ఒంటరి ఆడవాళ్ల సరంజామాలో అదీ ఒక భాగం.

పుట్టింటి ఆస్తి సంగతి వస్తే పెళ్లి సంవత్సరం కచ్చితంగా కావాలి, ఎందుకంటే చట్టమే ఆ గీత గీసింది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేరు. ‘అన్నదమ్ములు బాగుండాలని వదిలేశా’ అని ఆమె అంటే, అది ప్రేమో, హక్కు లేకపోవడమో, హక్కు విడుదల పత్రం మీద వేయించుకున్న సంతకమో ఈ తేదీలు పక్కన పెట్టుకుంటే గానీ తెలియదు. చాలాసార్లు మూడూ కలిసే ఉంటాయి. పండక్కి పిలిచి చీర పెట్టే చేయి పోతుందన్న భయం ఏ దస్తావేజులోనూ ఉండదు, అది ఆమె నోటి నుంచే రావాలి.

‘స్వేచ్ఛ’ అనే మాట పల్లెల్లో ఆడవాళ్ల నోట అరుదు. ‘నా కాళ్ల మీద నేను నిలబడ్డా’, ‘ఒకరి చేతి కింద లేను’ అంటారు. అందులో చేతి లెక్క ఉంది, నెలకు ఇంత నా చేతిలో అన్నమాట. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమానికి సాక్షరతా వాచకంలోని ‘సీతమ్మ కథ’ నిప్పురవ్వ అయిందంటే, ఆ కథలో ఆడవాళ్లకు తమ ఇంటి లెక్కే కనబడింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున దాచే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు లేచాయి. దీనికి అవతలి ముఖమూ ఉంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. గ్రూపు లోనుతో మిషన్ కొన్న కథ రాసేటప్పుడు, వాయిదా తప్పిన వారం ఇంటి ముందు ఎవరు వచ్చి కూర్చున్నారో కూడా అడగాలి.

ఇక అనుమతి. రికార్డు చేయడానికి ఒప్పుకోవడం వేరు, అచ్చువేయడానికి ఒప్పుకోవడం వేరు. రెండోది, రాసింది చదివి వినిపించాకే అడగాలి. పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. ఊరు, కులం, చేసే పని మూడూ రాస్తే ఆ మండలంలో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి రెండైనా తీసేయాలి. అత్యాచార బాధితుల విషయంలో ఇది మర్యాదతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం గుర్తింపు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు, బాధితురాలి రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప. బాధితురాలు మైనరైతే పోక్సో చట్టం ఇంకా గట్టిగా ఆపుతుంది.

చదివి వినిపించినప్పుడు కొట్టేయమని అడిగే చోట్లు చూస్తే, మొగుడు కొట్టిన సంగతి చాలాసార్లు ఉంచమనే అంటారు. తీసేయమనేది తమ్ముడి గురించి అన్న మాట, కూతురి కాపురం గురించి అన్న మాట. వాదించకుండా తీసేయాలి. అసలు రికార్డింగు కాపీ ఒకటి ఆమెకే ఇచ్చి, కవరు మీద తారీఖు వేసి, అదే ట్రంకుపెట్టెలో పెట్టించాలి.