ఆశించిన జవాబు

బస్తీ బడుల్లో పాఠం చెప్పడానికి మన ఛాత్రోపాధ్యాయులు, అంటే బీఈడీ చదువుతున్న కాబోయే టీచర్లు, సిద్ధంగా లేరని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఇంత అన్యాయం ఇంకోటి లేదు. వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. లేనిది పిల్లలు. టీచర్ల చదువుకు నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ వారి 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు ఇంటర్న్‌షిప్. మరి పిల్లలకు ఒక్క వారమన్నా శిక్షణ ఇచ్చారా?

మా మేనకోడలి సంగతే చూడండి. మైక్రో టీచింగ్‌లో దానిదే పైచేయి. ఆరు నిమిషాల పాఠం, ఎదురుగా పిల్లల వేషం కట్టిన క్లాస్‌మేట్లు. అందరూ కడుపునిండా టిఫిన్ తిని వచ్చినవాళ్లే. 'అల్లరి పిల్ల' వేషం పడినామె కూడా చెయ్యెత్తి, పర్మిషన్ అడిగి మరీ అల్లరి చేసిందట.

అలా రాటుదేలిన మనిషిని తీసుకెళ్లి హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక సర్కారు బడిలో ఆరో తరగతి ముందు నిలబెట్టారు. పాఠం 'ఆవాసం', అంటే జీవులు బతికే చోటు. ముందు ఉన్ముఖీకరణ, అంటే పిల్లల మనసును పాఠం వైపు తిప్పే ప్రశ్నలు. "సెలవుల్లో ఎక్కడికెళ్లారు పిల్లలూ?" లెసన్ ప్లాన్‌లో పక్క గడిలో జవాబు ముందే రాసుంది: జూ పార్కుకు.

మొదటి బెంచీ పిల్ల లేచింది. "అమ్మతోని అపార్ట్‌మెంట్లకు పోయిన టీచర్. నాలుగిండ్లల్ల గిన్నెలు తోమినం."

"అక్కడ పులిని చూశావా?" అంది మావాళ్లమ్మాయి. ఏం చేస్తుంది పాపం, రెండో ప్రశ్న అదే!

"పులి లేదు టీచర్, కుక్క ఉంది. దానికి వేరే రూమ్ ఉంది."

నాలాంటి మామూలు మనిషికి ఆవాసం పాఠం అక్కడే సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ అది ఆశించిన జవాబు కాదు. కాబట్టి మా పిల్ల బోర్డు మీద పులి చార్టు తగిలించి, శీర్షిక ప్రకటించి, గడియారం చూసుకుంది. "మామయ్యా, ఆ పిల్ల నా ఐదు నిమిషాలు తినేసింది" అని రాత్రి ఒకటే ఏడుపు.

అందుకే నా ప్రతిపాదన. బస్తీ పిల్లలందరికీ కూడా 20 వారాల శిక్షణ పెట్టాలి. లెసన్ ప్లాన్ జిరాక్స్ ముందురోజే పంచాలి. జూ పార్కుకు వెళ్లకపోయినా వెళ్లినట్టు చెప్పడం నేర్పాలి. 2020 విద్యా విధానం ప్రకారం 2030 నాటికి నాలుగేళ్ల బీఈడీయే కనీస అర్హత అవుతుందట. (ఇప్పటి చార్టులకే మా ఇంట్లో మంచం కింద చోటు లేదు.)

మర్నాడు ఇంకో గండం. ఆ మొదటి బెంచీ పిల్ల పక్కన బీహార్ నుంచి వచ్చిన మేస్త్రీ కొడుకు కూర్చుంటాడు. విద్యాహక్కు చట్టం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకొమ్మంది కాబట్టి ఆరులో చేర్చుకున్నారు. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా పిల్ల ఒక వాక్యం చెప్పగానే ఆ అమ్మాయి వాడి చెవిలో హిందీలో గుసగుస. వాడు తలూపి నోట్సులో ఏదో గీసుకోవడం. పాఠమంతా ఇదే వరస.

సూపర్‌వైజర్ వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. మా పిల్ల తడబడలేదు. మాట్లాడుతున్న అమ్మాయిని లేపి చివరి వరసకు పంపేసింది. కుర్రాడు పెన్సిల్ కింద పెట్టేశాడు. క్లాసు నిశ్శబ్దమైపోయింది.

రికార్డులో 'తరగతి నిర్వహణ' ఎదురుగా ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' పడింది.