ఏఐ వీడియో పనికి ఒక వరస ఉండాలా? అన్నాచెల్లెళ్ల వాదన

విజయవాడలో ఒక చిన్న స్టూడియో. అన్న ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు, చెల్లి రెండేళ్లుగా బట్టల షాపులకీ క్లినిక్‌లకీ ఏఐతో యాడ్ వీడియోలు చేసిస్తోంది. ప్రతి వీడియోకీ ఒకటే వరస పాటించాలని చెల్లి పట్టు, అలా చేస్తే పనిలో ప్రాణం పోతుందని అన్న వాదన.

చెల్లి: అన్నయ్యా, మొన్న దసరాకి ఏమైందో గుర్తుందిగా. ఒకే షాపుకి పన్నెండు వీడియోలు ఒప్పుకున్నాం, మొదటిది అదిరిపోయింది, మిగతా పదకొండూ ఇలాగే కావాలన్నాడు ఓనరు, తీరా చూస్తే అది ఏ ప్రాంప్ట్‌తో, అంటే ఏఐకి ఏం రాసిస్తే వచ్చిందో, చూసి చెయ్యమని ఏ ఫొటో రిఫరెన్స్ పెట్టామో, ఏ ఏఐ మోడల్‌లో చేశామో ఎవరూ రాసుకోలేదు. ఆ వీడియోలో అమ్మాయి మొహం మళ్లీ తెప్పించడానికే మూడు రోజులు పోయాయి. ఒకసారి బాగా వస్తే చాలదు, రెండోసారీ రావాలి, అప్పుడే క్లయింట్ దగ్గర ధైర్యంగా డబ్బు అడగ్గలం.

అన్న: రాసుకోవద్దని నేనెప్పుడన్నానే? నా బాధ అది కాదు. నువ్వు గోడకి అంటించిన ఆ చార్ట్ చూస్తే వీడియో చేస్తున్నట్టు లేదు, ఇటుకలు కోస్తున్నట్టుంది. షాపు మారినా ఊరు మారినా అదే నవ్వు, అదే మెల్లగా ముందుకి జరిగే కెమెరా, అదే పసుపుపచ్చటి సాయంత్రం వెలుతురు. బెజవాడ షాపు యాడ్‌కీ వరంగల్ షాపు యాడ్‌కీ తేడా ఏది?

చెల్లి: అది వరస వల్ల రాలేదు, క్లయింట్‌ని ఏమీ అడక్కుండా పని మొదలెట్టడం వల్ల వచ్చింది. అందుకే మొదట ఫారం పంపిస్తున్నా, ఏం అమ్ముతున్నారు, ఎవరు కొంటారు, ఆఫర్ ఎప్పటిదాకా, ఏ మాట అనకూడదు. తర్వాత స్క్రిప్ట్, 30 సెకన్లకి యాభై అరవై మాటలు దాటితే వాయిస్ పరిగెడుతుంది. స్క్రిప్ట్ ఓకే అయితేనే స్టిల్స్, అంటే ఒక్కో షాట్‌కి కదలని ఏఐ బొమ్మ, స్టిల్స్ ఓకే అయితేనే వీడియో. గూగుల్ వాళ్ల వీడియో ఏఐ వియో 3లో ఒక క్లిప్ 8 సెకన్లు, జనరేట్ కొట్టిన ప్రతిసారీ మనం డబ్బు పెట్టి కొన్న క్రెడిట్లు కాలతాయి, అందులోనూ చివరికొచ్చేసరికి చెయ్యి వంకర తిరగడమో మొహం మారిపోవడమో అవుతుంది కాబట్టి చాలాసార్లు మనకి పనికొచ్చేది మూడు నాలుగు సెకన్లే. జాకెట్ రంగు మార్చండి అని స్టిల్ దగ్గర చెబితే రెండు నిమిషాల పని, అదే ఎడిట్ అయ్యాక రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే మర్నాడు సగం రోజు పోయినట్టే.

అన్న: సరే, మరి మంగళగిరి చీర సంగతేంటి? ఫారం నింపారు, స్క్రిప్ట్ ఓకే, స్టిల్స్ ఓకే, వీడియో ఓకే. ఓనరు వాళ్ల నాన్న ఒకప్పుడు గుంట మగ్గం మీద నేసిన మనిషి, కళ్లజోడు పైకి తోసుకుని ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. మొదటి షాట్‌లో అంచు మీద గోపురాల్లాంటి నిజాం డిజైను, రెండో షాట్‌కి అవి మామిడి పిందెలయ్యాయి, మూడో షాట్‌కి ఒళ్లంతా బుటాలు. మంగళగిరి కాటన్ అంటే ఒళ్లు సాదాగా ఉండి అందమంతా అంచు జరీలో ఉండేది కదా. "ఇది మా చీర కాదు బాబూ" అన్నాడాయన, నాకు తల కొట్టేసినట్టయింది. చార్ట్‌లో టిక్కులన్నీ పడ్డాయి, తప్పు మాత్రం దర్జాగా దాటిపోయింది.

చెల్లి: అది నా తప్పే, ఒప్పుకుంటున్నా. ఆ రోజు నుంచే అమ్మే వస్తువు కెమెరాతోనే తియ్యాలని చార్ట్‌లో రాశా. వీధి, వాన, వెనకాల గుడి, ఇవి ఏఐతో చేద్దాం, చీర మాత్రం నిజం చీరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే యాడ్‌కి 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, లేని బుటాలు చూపించి అమ్మితే రేపు కొన్నావిడకి ఏం చెబుతాం?

అన్న: చూసేవాళ్లకి చెబుతున్నావా మరి, ఇది ఏఐ అని?

చెల్లి: చెబుతున్నా. నిజంలా కనిపించే ఏఐ వీడియో అప్‌లోడ్ చేస్తే ఆ సంగతి టిక్ పెట్టి చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చిలోనే పెట్టింది, క్లయింట్ వద్దన్నా ఆ టిక్ నేను తియ్యను. తెలుగు అక్షరాలు కూడా జనరేట్ చెయ్యనివ్వను, ఒత్తులు ఎక్కడెక్కడికో పోతాయి, ఎడిటింగ్‌లో ఫాంట్ పెట్టి నేనే టైప్ చేస్తా. ఏఐ వాయిస్‌కి స్క్రిప్ట్ ఇచ్చేటప్పుడు 1499 అని అంకె వెయ్యను, పద్నాలుగు వందల తొంభై తొమ్మిది అని రాస్తా, ళ పలకాల్సిన చోట ల వస్తే మళ్లీ తీయిస్తా. ఇవన్నీ ఒక్కొక్క దెబ్బ తిని రాసుకున్నవే అన్నయ్యా. అయినా నీకు వరస లేదా? జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రీటేక్ ఉండదని తెరకి ఏ పక్క నిలబడాలో ముందే చూసుకుంటావు, రెండు కార్డులు, నాలుగు బ్యాటరీలు, తలంబ్రాలకి ముందు లెన్స్ మార్చడం, ఇరవై ఏళ్లుగా ఒక్క పెళ్లికీ తప్పలేదు.

అన్న: (కాసేపు మాట్లాడడు) ఉంది, కాదనను. కానీ ఆ వరస నన్ను సరైన చోట నిలబెట్టడానికే. అక్కడ నిలబడ్డాక పీటల వెనక పెళ్లికూతురి తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంటుంది చూడు, అటు తిరగమని ఏ కాగితమూ చెప్పదు, మనిషే చూడాలి. నీ వరసలో చూసే మనిషి ఎక్కడ? ఓకే కొట్టేవాళ్లే ఉన్నారు.

చెల్లి: అయితే చెప్పు, ఎక్కడ పెట్టమంటావ్?

అన్న: స్టిల్స్ దగ్గర. ఓనరు కంటే ముందు ఆ సరుకు చేత్తో చేసినవాళ్లు చూడాలి, చీరకి నేతవాళ్లు, పచ్చడికి కలిపినావిడ. ఇంకోటి, వస్తువు కెమెరాతోనే అన్నావుగా, మన లైట్‌బాయ్‌కి ఆ రోజు కూలీ కొటేషన్‌లో విడిగా రాయి, మన లాభంలోంచి తీసి ఇచ్చేది కాదది.

చెల్లి: మొదటిది ఇప్పుడే చార్ట్‌లో చేరుస్తా. రెండోది కష్టం, ఏఐ అనగానే సగం రేటుకి వస్తుందనుకుంటున్నారు క్లయింట్లు, షూటింగ్ ఖర్చు విడిగా కనిపిస్తే పక్క స్టూడియోకి పోతారు.

అన్న: పోతే పోనీ. కుర్రాడు మన దగ్గర ఎనిమిదేళ్లుగా ఉన్నాడు.

చెల్లి: నువ్వలా అంటావ్, నెలాఖరున అద్దె కట్టేది నేను. ఈ ఒక్క చీరలకి విడిగా రాస్తా, వాళ్లేమంటారో చూసి మిగతావాళ్ల సంగతి మాట్లాడుకుందాం. మంగళగిరి ఎప్పుడు వెళ్దాం?

అన్న: రేపే. ఏడింటికల్లా అక్కడుండాలి, ఎండ ఎక్కితే జరీ అంతా తెల్లగా కొట్టేస్తుంది.