జర్మనీలోని లైప్‌జిగ్ చర్చి గుమ్మం దగ్గరి చందాబుట్టకు

అమ్మా బుట్టా,

మొన్న ఆదివారం సాయంత్రం నీ ముందు ఐదు నిమిషాలు తచ్చాడిన పెద్దమనిషిని నేనే. బూడిదరంగు స్వెట్టరు, మెడకు మఫ్లరు. గుర్తుపట్టే ఉంటావు.

పోస్టరు మీద 'ప్రవేశం ఉచితం' అని ఉందని మా అమ్మాయి చెప్పగానే బయల్దేరిపోయాను. కింద సన్నటి అక్షరాల్లో 'విరాళం ఇవ్వ ప్రార్థన' అని కూడా ఉందట. ఆ ముక్క మాత్రం లోపల కూర్చుని, పాటలు మొదలయ్యాక చెప్పింది.

పిల్లల బృందం పాడింది బైబిల్లోని యోసేపు కథ, అన్నలు అమ్మేస్తే ఈజిప్టు చేరిన కుర్రాడిది. రాక్ మ్యూజికల్, అంటే రాక్ పాటల నాటకం. ఆండ్రూ లాయిడ్ వెబర్, టిమ్ రైస్ 1968లో లండన్‌లో ఒక స్కూలు పిల్లల కోసం కట్టినప్పుడు అది పావుగంట పాటేనట. మన పెళ్ళి వీడియోలాగా పెరిగి పెరిగి గంటన్నర అయింది. మహా సంగీతకారుడు బాక్ 27 ఏళ్ళు పనిచేసిన ఊళ్ళో, చర్చిలో, డ్రమ్ములు దద్దరిల్లుతుంటే ఈజిప్టు రాజు ఫరో రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీలా నడుము తిప్పుతున్నాడు. నా నడుము సంగతి కింద చెక్క బెంచీ చూసుకుంటోంది.

మా మనవరాలిది ఒంటె వేషం. అందులోనూ వెనక కాళ్ళు. మాకు కనిపించింది దాని నీలం బూట్లే. ఎడమ బూటు లేసు ఊడింది. ముందు కాళ్ళు ఈజిప్టుకు బయల్దేరాయి, వెనక కాళ్ళు లేసు తొక్కుకుని యోసేపు సొంత దేశం కనానులోనే ఆగిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే.

అయిపోయాక జనం 'త్సూగాబె' అని ఒకటే కేకలు. అంటే కొసరట! ఉచితంగా వచ్చి కొసరు కూడా అడుగుతున్నారే అని ముచ్చటేసింది. నేనూ అరిచాను. రెండుసార్లు వేశారు.

ఇక నీ సంగతి. మా ఊళ్ళో వినాయక చవితి చందాకి ఏ తంటా లేదు. కుర్రాళ్ళు రసీదు పుస్తకంతో ఇంటికే వస్తారు, ఎంతో వాళ్ళే చెప్తారు, బేరమాడి 516 దగ్గర తెగ్గొడతాం, రాత్రికి మైకులో మన పేరు. నీకు రసీదు లేదు, మైకు లేదు, రేటు లేదు. ఇంత టెన్షన్ నేను పెళ్ళిచూపుల్లో కూడా పడలేదు.

పైగా మీ డబ్బుల తీరొకటి. చేతులు మారే నాణేల్లో 2 యూరోలదే పెద్దది, నోట్లలో 5దే చిన్నది. మధ్యలో పరువు నిలబడే చోటే లేదు. బిళ్ళ వేస్తే చర్చంతా ఖంగుమంటుంది. నోటు తీస్తే, యూరో అంటే వంద రూపాయలకు అటూ ఇటూ అని లోపల గుమాస్తా లెక్క మొదలుపెడతాడు.

నిన్ను పట్టుకుని నిలబడ్డవాడు యోసేపు అన్నల్లో ఒకడు. పదేళ్ళుంటాయేమో, అంటించిన గడ్డం ఊడి చెంప మీద వేలాడుతోంది. ఇందాకే తమ్ముణ్ణి 20 తులాల వెండికి అమ్మాడు. నా గుప్పెట్లో 2 యూరోల బిళ్ళ. నేనింకా గుప్పెట విప్పనే లేదు, 'డాంకె', అంటే థాంక్స్, అని నవ్వేశాడు వెధవ.

ఏం వేశానో నీకు తెలుసు. మెట్లు దిగుతుంటే మా అల్లుడు "ఎంత వేశారు మామయ్యగారూ?" అన్నాడు.

"ఇక్కడ అలా అడక్కూడదటగా బాబూ" అన్నాను.

ఇట్లు,
ఒంటె వెనక కాళ్ళ తాతయ్య