మెట్టతామరకి వారానికో గుప్పెడు యూరియా: ఈ సలహా ఎందుకు పనికిరాదు

మెట్టతామర (ఇంగ్లీషులో Canna) పెంచేవాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "మెట్టతామర నీళ్లు బాగా తాగే మొక్క, తిండీ అంతే తింటుంది. మురుగుకాలవ పక్కన ఎంత ఏపుగా పెరుగుతుందో చూడండి. వారానికోసారి మొదట్లో గుప్పెడు యూరియా చల్లి నిండా నీళ్లు పెట్టండి. ఆకు పసుపెక్కితే ఎరువు చాలలేదని అర్థం, ఇంకొంచెం వేయండి. ఎప్సమ్ సాల్ట్, గుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్లు కూడా తోడైతే ఇక పూలే పూలు. అయినా పూయకపోతే మోతాదు రెట్టింపు చేయండి." పక్కనే మనిషెత్తు మొక్కల ఫొటో ఒకటి. ఫొటోతో నాకు పేచీ లేదు. దాని కింద రాసినవాటిలో సగానికి పైగా మొక్కకి చేటు చేసేవే.

ఇందులో నిజం కొంత లేకపోలేదు. మెట్టతామర ఆకలి ఎక్కువున్న మొక్కే. అరటాకంత వెడల్పు కాకపోయినా పెద్ద ఆకులే వేస్తుంది, ఎదిగే కాలమంతా దుంప నుంచి పిలకలు తోస్తూనే ఉంటుంది. సారం లేని ఇసుక నేలలో ఏమీ వేయకుండా వదిలేస్తే సన్నగా, పొట్టిగా ఉండిపోతుంది. యూరియా వేశాక నీళ్లు పెట్టమనడం కూడా సరైన మాటే, పైపైన వదిలేస్తే అందులోని నత్రజని అమోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఎరువు కావాలా వద్దా అన్నది అసలు తగవు కాదు. ఎంత, ఎంత పలచగా, ఎప్పుడు అన్నదే తగవు.

"మురుగుకాలవ పక్కన చూడండి" అన్న మాట దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే సందేశం మొత్తానికి బలం అదే. మెట్టతామర మురుగునీటి దగ్గర బాగా పెరుగుతుందన్నది నిజం. మురుగునీటిని శుద్ధి చేయడానికి కట్టే కృత్రిమ చిత్తడి మడుల్లో చాలా దేశాల్లో దీన్ని పనిగట్టుకుని నాటుతారు, నీళ్లలోని నత్రజనినీ భాస్వరాన్నీ వేళ్లతో లాక్కుంటుంది గనక. అయితే ఆ నీళ్లలో ఉండే నత్రజని ఎంత? ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగులో లీటరుకు 40 మిల్లీగ్రాములు, అటూ ఇటూగా. ఇప్పుడు గుప్పెడు యూరియా లెక్క చూడండి. తూస్తే 40 గ్రాములు తూగుతుంది. యూరియాలో 46 శాతం నత్రజని, అంటే 18 గ్రాముల పైచిలుకు. దాని మీద బకెట్టెడు, అంటే పది లీటర్ల నీళ్లు పోస్తే లీటరుకు 1800 మిల్లీగ్రాములు. మురుగుకాలవ కంటే 45 రెట్లు చిక్కన. కాలవ పక్కనున్న మొక్కకి తిండి రోజంతా పలచగా పారుతూ అందుతుంది. ఈ సలహా దాన్నే చూపించి దానికి పూర్తిగా ఎదురైన పని చేయమంటోంది.

వారం వారం లెక్క వేస్తే ఇంకా దారుణంగా ఉంటుంది. మామూలు పూలమడికి చదరపు మీటరుకి ఏడాది మొత్తానికి 5 నుంచి 10 గ్రాముల నత్రజని సరిపోతుంది. మెట్టతామర తిండి ఎక్కువ తింటుందని దాన్ని రెట్టింపు చేసినా, ఏడాదికి సరిపడేదంతా దాదాపు ఒక్క గుప్పెట్లోనే వచ్చేసింది. మిగిలిన వారాల్లో వేసేదంతా ఎటు పోతుంది?

"నీళ్లు ఎక్కువైతే ఎరువూ ఎక్కువ కావాలి" అనే వాదనకి జవాబు కూడా ఇక్కడే ఉంది. యూరియా నేలలో ముందు అమ్మోనియంగా, తర్వాత సూక్ష్మజీవుల పుణ్యమా అని నైట్రేటుగా మారుతుంది. అమ్మోనియాన్ని బంకమట్టి కొంతవరకు పట్టి ఉంచుతుంది. నైట్రేటుని మామూలు మట్టి పట్టి ఉంచలేదు, నీటితోపాటే వేళ్లు దాటి కిందకి దిగిపోతుంది. నీళ్లు దిగకుండా నిలిచిపోయే నేల అయితే ఇంకో దారి: గాలి ఆడని బురదలో కొన్ని బాక్టీరియాలు నైట్రేటులోని ఆక్సిజన్‌ని వాడేసుకుని, నత్రజనిని వాయువుగా పైకి వదిలేస్తాయి. ఎటు చూసినా, తడి ఎక్కువున్న చోట ఒక్కసారిగా వేసిన ఎరువు బూడిదలో పోసిన పన్నీరే. అందులో కొంత భూగర్భజలంలోకి చేరుతుందన్నది వేరే బాధ. తడి నేలకి కావలసింది పెద్ద మోతాదు కాదు, చిన్న చిన్న విడతలు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మాట: "ఆకు పసుపెక్కితే ఎరువు చాలలేదని అర్థం." ఏ ఆకు? ఎక్కడ పసుపు? ఈ రెండూ అడగకుండా చెప్పే వైద్యం వైద్యమే కాదు.

నత్రజని నిజంగా తక్కువైతే ముందు కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతాయి, మొక్క వాటిలో ఉన్నది పీల్చి పైన లేత ఆకుకి పంపుతుంది. అదే లేత ఆకు చుట్ట విప్పుకుంటూనే పసుపుగా వచ్చి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టు కనిపిస్తే అది ఇనుము అందక. సున్నం ఎక్కువున్న నేలలో, పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణాల కొలత) ఏడున్నర దాటిన చోట ఇది మామూలే. నేలలో ఇనుము ఉంటుంది, మొక్కకి అందే రూపంలో ఉండదు, అంతే. దానికి గుప్పెళ్ల యూరియా ఎందుకు? లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్తగా విచ్చే ఆకులు రంగు పట్టి వస్తాయి. కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు కనిపిస్తే మెగ్నీషియం వైపు చూడాలి.

ఆకు మీద ఈనెల వెంట పసుపు చారలు, మచ్చలు పడి, ఆకు మెలితిరిగితే అది వైరస్ కావచ్చు. మెట్టతామరని పట్టే వైరస్‌లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, జబ్బున్న దుంపని విడదీసి పంచుకున్నప్పుడల్లా అవీ పంపకమవుతాయి. కొన్నిటిని పేనుబంక కూడా మోస్తుంది. దీనికి ఎరువూ లేదు, మందూ లేదు. కుదురు మొత్తం తవ్వి పారేయడమే, దాని పిలకలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మొక్క మొత్తం పసుపెక్కి వాడినట్టుంటే మాత్రం మొదలు దగ్గర మట్టి తీసి దుంపని చూడాలి. బాగున్న దుంప కోస్తే గట్టిగా, తెల్లగా ఉంటుంది. గోధుమరంగు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా దిగబడి, కుళ్లు వాసన వస్తే నీళ్లు నిలిచి వేళ్లకి ఊపిరాడలేదన్నమాట. లేదా ఎరువు మంట తగిలి ఉంటుంది: ఆకుల అంచులు కాగితంలా ఎండటం, కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకోవడం దాని ఆనవాళ్లు. చిక్కని ఎరువు నీరు వేళ్ల చుట్టూ చేరితే, మట్టి తడిగా ఉన్నా మొక్క నీళ్లు లాక్కోలేదు. ఆ స్థితిలో "ఇంకొంచెం వేయండి" అన్న సలహా పాటిస్తే ఆ మొక్క పని అయిపోయినట్టే.

ఎప్సమ్ సాల్ట్ సంగతి క్లుప్తంగా. అది మెగ్నీషియం సల్ఫేట్, మెగ్నీషియం లోటున్నప్పుడు పనిచేసే మందు. లోటు లేనప్పుడు వేస్తే పూలు పెరగవు సరికదా, కాల్షియం, పొటాష్ అందడానికి అడ్డొస్తుంది. గుడ్డు పెంకులు సున్నమే, కరగడానికి ఏళ్లు పడుతుంది, సున్నపు నేలలో అసలే అక్కర్లేదు. అరటి తొక్కల్లో పొటాష్ ఉన్న మాట నిజమే. నానబెట్టిన నీళ్లలోకి దిగేది కొద్దిపాటే, దోమలకి మాత్రం మంచి వసతి. తొక్కలు కంపోస్టులో వేయండి, గొడవ ఉండదు. (మెట్టతామర, అరటి దూరపు చుట్టాలు కావడం వల్ల ఈ చిట్కా పుట్టిందేమో.)

"పూయకపోతే రెట్టింపు చేయండి" అన్నది తలకిందుల వైద్యం. నత్రజని ఎక్కువైతే వచ్చేవి ఆకులే. పైగా ఆ మెత్తటి లేత ఆకులంటే పేనుబంకకి ప్రాణం. పూయని కుదురు దగ్గర ముందు ఎండ చూడాలి, రోజుకి ఆరు గంటలైనా నేరుగా పడాలి. తర్వాత కుదురు ఎంత కిక్కిరిసిందో చూడాలి. రెండు మూడేళ్లకోసారి తవ్వి, ఒక్కో ముక్కకి రెండు మూడు కళ్లు ఉండేలా దుంపలు విడదీసి నాటకపోతే మధ్యలో ఉన్నవి సన్నబడి ఊరికే ఆకులు వేస్తాయి. పూత పూర్తిగా అయిపోయిన కాడని మొదలుకంటా కోసేయాలి, అది మళ్లీ పూయదు. కొత్త పిలకే పూయాలి.

మరి ఏం వేయాలి? నాటేముందు, తర్వాత ఏటా ఎదుగుదల మొదలయ్యేటప్పుడు, బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో రెండంగుళాల మందాన పరిచి మట్టిలో కలపాలి. నీళ్లు ఇష్టపడే మొక్కకి ఇదే అసలు తిండి, ఎందుకంటే ఇది తడినీ పోషకాలనీ కూడా పట్టి ఉంచుతుంది. పచ్చిపేడ వద్దు, దుంపలు కుళ్లుతాయి. నేలలో ఉన్న మొక్కకి చాలావరకు ఇది చాలు. కుండీలో ఉన్నదానికి, ఎదిగే కాలంలో రెండు వారాలకోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి ఒక గ్రాము చొప్పున కలిపి, ముందే తడిపిన మట్టిలో పోయండి. ఇందులో నత్రజని లీటరుకి 190 మిల్లీగ్రాములు, వేళ్లు తట్టుకోగలిగిన చిక్కదనం. నెలకోసారి ఎరువు లేకుండా మామూలు నీళ్లు కుండీ అడుగునుంచి కారిపోయేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. చలికి పెరుగుదల ఆగి ఆకులు వాలిపోతున్నప్పుడు ఎరువు పూర్తిగా ఆపి, నీళ్లు తగ్గించి, కొత్త మొలక మట్టి పైకి వచ్చాకే మళ్లీ మొదలుపెట్టండి.